పశ్చిమ ప్రకాశంలో ప్లాస్టిక్ పైపుల వర్తకం: సైజు ఒక్కటే చూసి తెప్పిస్తే చిక్కు

యర్రగొండపాలెం: మిర్చి, పత్తి, కంది పండించే ఈ ప్రాంతంలో పైపుల గిరాకీ వాన కురిస్తే కాదు, వాన ముఖం చాటేస్తే పెరుగుతుంది. బోరు లోతు పెరిగే కొద్దీ రైతు కొనే పైపు పొడవు కూడా పెరుగుతుంది. అమ్మకం బాగానే ఉన్నా మిగులు పలచబడడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి ముడిసరుకు ధర, రెండోది సైజు ఒక్కటే చూసి సరుకు తెప్పించే అలవాటు. మొదటిది యర్రగొండపాలెం వర్తకుని చేతిలో లేదు. రెండోది పూర్తిగా అతని చేతిలోనిదే.

ముడిసరుకైన పీవీసీ రెజిన్‌లో సగానికి పైగా మన దేశానికి దిగుమతిగా వస్తుంది. చైనా, తైవాన్, కొరియా, జపాన్‌ల ధరలు కదిలితే ఇక్కడి లిస్టు ధర, దానిమీద ఇచ్చే డిస్కౌంటు కదులుతాయి. 2021 చివరలో కిలో 150 రూపాయలు దాటిన రెజిన్ 2022 చివరికి దాదాపు సగానికి దిగింది. ఎక్కువ ధరకు గోదాములు నింపిన వారికి ఆ ఏడాది తేరుకోలేని దెబ్బ. ధర పెరుగుతున్నప్పుడు అరువు ఇచ్చినవారూ, ధర పడుతున్నప్పుడు సరుకు పట్టుకు కూర్చున్నవారూ ఒకే తీరున నష్టపోవడం ఈ వర్తకంలో విశేషం.

ఇక సైజు సంగతి. పొలానికి వేసే బూడిదరంగు పీవీసీ పైపుకు ఐఎస్ 4985 ప్రమాణం ఉంది. 63, 75, 90, 110 మిల్లీమీటర్లని చెప్పే కొలత పైపు బయటి కొలత. 4 కిలోల పైపైనా, 6 కిలోల పైపైనా, 10 కిలోల పైపైనా బయటినుంచి ఒకే సైజు కనిపిస్తాయి. తేడా అంతా గోడ మందంలో ఉంటుంది. కిలోలంటే ఇక్కడ బరువు కాదు, చదరపు సెంటీమీటరుకు పైపు మోయగల నీటి ఒత్తిడి. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక కిలో ఒత్తిడి అని లెక్క వేసుకుంటే 6 కిలోల పైపు 60 మీటర్ల వరకే సరిపోతుంది. చదునైన చేనులో కాలువకు బదులు వేసే లైనుకు 4 కిలోలది చాలు. గట్టు మీది చేనుకు మోటారుతో ఎక్కించే లైనుకు అదే వేస్తే మొదటి సీజనులోనే పగులుతుంది. పగిలిన పైపు తిరిగి వచ్చేది కంపెనీకి కాదు, అమ్మిన దుకాణానికి.

మందం తగ్గించిన సరుకు చవకగా దొరుకుతుంది. దానిని గుర్తించడానికి తూకానికి మించిన సాధనం లేదు. ఒకే సైజు, ఒకే తరగతి అని ముద్రించిన రెండు కంపెనీల 6 మీటర్ల పైపులను కాటాకు ఎత్తితే బండారం బయటపడుతుంది. ఐఎస్ఐ ముద్ర కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు లేని సరుకును దింపుకోకపోవడమే మేలు.

అసలు ప్రమాదం బోరులో ఉంది. 600 అడుగులంటే 183 మీటర్లు. నీరు అడుగంటిన బోరులో మోటారు దగ్గర పైపు మీద పడే ఒత్తిడి 18 కిలోల పైమాటే. 40 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల పైపులో ఆ పొడవున నిలిచే నీటి బరువే 230 కిలోలు. మోటారు, కేబులు, పైపుల బరువు దీనికి అదనం. స్విచ్చి వేసిన ప్రతిసారీ మోటారు పైపును మెలితిప్పుతుంది. అందుకే బోరులో దించే కాలం పైపులు సొల్యూషన్‌తో అతికేవి కావు. చదరపు మరలతో, రబ్బరు రింగుతో బిగించేవి. ఒక్కొక్కటి 3 మీటర్లయితే 600 అడుగులకు 61 పైపులు, 60 అతుకులు. వాటిలో ఏ ఒక్కటి జారినా మోటారు బోరులో పడుతుంది, కొన్నిసార్లు బోరు కూడా పోతుంది. మీడియం, స్టాండర్డ్, హెవీ అన్న పేర్లు కంపెనీకొక తీరుగా ఉంటాయి. ఒకరి మీడియం మరొకరి మీడియం కాదు. పేరు చూసి కాక, ఆ కంపెనీ ఎంత లోతుకు భరోసా ఇస్తున్నదో పట్టికలో చూసి తెప్పించాలి. రెండు కంపెనీల పైపులను ఒకే బోరులో కలపడం మరలు కుదిరినట్టే కనిపించినా మంచిది కాదు.

నల్లని హెచ్‌డీపీఈ పైపు వేరే జాతి. చుట్టగా వస్తుంది, వంగుతుంది, అందులో కలిపే 2 నుంచి 2.5 శాతం కార్బన్ బ్లాక్ వల్ల ఎండకు తట్టుకుంటుంది. అయితే దానికి ఏ సొల్యూషనూ పట్టదు. 200 డిగ్రీలు దాటిన పలకతో కొసలు కరిగించి అతకాలి, లేదా కంప్రెషన్ ఫిట్టింగు వాడాలి. పైపు మాత్రమే తెప్పించి ఫిట్టింగులు తెప్పించని దుకాణం నుంచి గిరాకీ మార్కాపురం పోవడం సహజం. 2019లో మొదలైన జలజీవన్ మిషన్‌తో ఈ సరుకు పేరు పల్లెల్లో బాగా తెలిసింది. 2025 జూలైలో మార్కాపురం ప్రాంతంలో శంకుస్థాపన జరిగిన 1,290 కోట్ల రూపాయల తాగునీటి పథకం వంటి వాటికి సరుకు కంపెనీల నుంచి నేరుగా కాంట్రాక్టర్లకు పోతుంది. స్థానిక వర్తకునికి మిగిలేది ఇంటి కొళాయి కనెక్షన్లు, మరమ్మతులు. డ్రిప్పు సంగతి కూడా ఇంతే. సబ్సిడీ సెట్టు కంపెనీది, ఎలుకలు కొరికిన 16 మిల్లీమీటర్ల లేటరల్ మార్చడం ఊరి దుకాణానిది.

ఇళ్ళ పనిలో వేడి లెక్క ముఖ్యం. ఐఎస్ 4985 పైపు ఒత్తిడి అంకె 27 డిగ్రీల నీటికి వేసినది. అమెరికా పట్టికల ప్రకారం 23 డిగ్రీల వద్ద నూరు పాళ్ళు మోసే పీవీసీ 43 డిగ్రీల వద్ద సగమే మోస్తుంది, 60 వద్ద నాలుగో వంతు కూడా మోయదు. మే నెలలో మిద్దెమీద ఎండకు పడివున్న పైపు ఏ స్థితిలో ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. గీజరుకు, సోలారు హీటరుకు ఐఎస్ 15778 సీపీవీసీయే వాడాలి. అది 93 డిగ్రీల వరకు పనికివస్తుంది. చలి దేశాల్లో నేల గచ్చు కింద వేడినీరు తిప్పి ఇల్లు వెచ్చబరచడానికి పెక్స్ అనే పాలిథీన్ గొట్టం పరుస్తారు. గచ్చులో అతుకు రాకుండా ఒకే చుట్ట పరచాలని వారి నియమం. యర్రగొండపాలెంలో నేలను వెచ్చబరిచే పని సూర్యుడికి వదిలేయవచ్చు గాని, గోడలో పూడ్చే పైపుకు అతుకులు తగ్గించాలన్న నియమం ఇక్కడికీ పనికొస్తుంది.

సీపీవీసీకి దాని సొల్యూషనే వాడాలి. పీవీసీ డబ్బాతో అతికితే చల్లనీళ్ళకు నిలిచి వేడినీళ్ళకు ఊడుతుంది. కొస నిటారుగా కోసి, రజను గీకి, తడి తుడిచి, రెండు వైపులా పూసి, పావు చుట్టు తిప్పి కాసేపు పట్టుకోవాలి. పూసీ పూయగానే నీళ్ళు వదిలితే అతుకు నిలవదు. ఇనుప మరలు కలిసే చోట ఇత్తడి ఎంటీఏ, ఎఫ్‌టీఏలే వాడాలి. ప్లాస్టిక్ మరలోకి ఇనుప పైపు బిగిస్తే నెర్రె విచ్చుతుంది.

సొల్యూషన్ డబ్బాకు గడువు తేదీ ఉంటుంది. లాభం ఎక్కువని పెట్టెలకొద్దీ తెప్పిస్తే రేకుల షెడ్డు వేడికి గడువుకు ముందే జిగురుగా గడ్డకడుతుంది. వేసవికి పైపులు ముందుగా నింపుకున్నా, డబ్బాలు మాత్రం నెలకు సరిపడా తెప్పించుకునే వారికి ఈ పద్దు కింద నష్టం రావడం లేదు.