ఆరోగ్యవరం నుంచి జెనీవా దాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనే పేరు 2020కి ముందు మన యిళ్ళలో ఎంతమంది పలికి వుంటారు? కరోనా వచ్చిన తర్వాత ఆ సంస్థ యేమన్నదని అడగని యిల్లు లేదు. తీరా చూస్తే దానికి సొంత ఆసుపత్రులు లేవు, పోలీసు బలగం లేదు, మాట వినని దేశాన్ని దండించే అధికారమూ లేదు. మరి అటువంటి సంస్థలు మహమ్మారులతో యెలా తలపడతాయి? ఇది తెలుసుకోవడానికి జెనీవా దాకా పోనక్కరలేదు. తిరుపతిలో బస్సెక్కి మదనపల్లెలో దిగితే చాలు.

2022 దాకా చిత్తూరు జిల్లాలో వుండిన ఆ వూరికి చేరువలోనే ఆరోగ్యవరం వుంది. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి పెద్ద. అప్పటికి క్షయకు మందనేదే లేదు. చల్లని గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఆపైన దైవం! ఇంట్లో ఒకరికి క్షయ అంటే ఆ యింటి పిల్లకు సంబంధం కుదరడమే గగనమైన రోజులవి.

రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి యూరపులో క్షయ విజృంభించింది. 1947లో డెన్మార్కు రెడ్‌క్రాసు బి.సి.జి. టీకాలతో బయలుదేరింది. నార్వే, స్వీడన్ తోడైనవి. మరుసటి యేడు యునిసెఫ్ డబ్బుతో ముందుకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టినది కూడా ఆ 1948 ఏప్రిల్‌లోనే. అదే సంవత్సరం మన దేశంలో ఆ టీకా తొలిసారిగా వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా తయారీకి మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రయోగశాల పెట్టారు.

టీకా వేయడమంటే యీనాటిలా ఒక పోటుతో తేలే పని కాదు. మొదటి రోజున చేతిమీద పరీక్షకు ఒక సూది. మూడోరోజున ఆ చోటు వాచిందేమో చూడాలి. వాస్తే క్షయ క్రిమి అప్పటికే లోపల చేరిందన్నమాట, టీకా అక్కరలేదు. వాయకపోతే అప్పుడు అసలు టీకా. టీకా మందేమో ఎండ తగిలితే చెడుతుంది, ఐసులో పెట్టి మోయాలి. ఇదంతా జెనీవాలో కాగితంమీద ఒక్క వాక్యం. ఇక్కడ మాత్రం వేరుసెనగ చేనికి పోయిన మనిషి మూడోరోజున పని మానుకొని మళ్ళీ వచ్చి చెయ్యి చూపితేనే అది జరిగినట్టు!

భయాలూ లేకపోలేదు. 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో టీకామందులో అసలు క్షయక్రిములు కలిసిపోయి 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. తప్పు టీకాది కాదు, ప్రయోగశాలది. అయినా చనిపోయిన బిడ్డల తల్లులకు ఆ తేడాతో యేమి పని? 1955లో సాక్షాత్తు రాజాజీయే బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ పుస్తకం రాశారు. ఆయనది చాదస్తమని తోసివేసినవారున్నారు గాని, ఆరోగ్యవంతులైన కోట్లమంది బిడ్డలకు సూది పొడిచేముందు ఋజువు చూపమనడం న్యాయమైన కోరికే అని నా వుద్దేశం.

ఋజువు కోసం వెదకినదీ మన చుట్టుపక్కలే. ఆరోగ్యవరం వైద్యులు 1950 నుంచి మదనపల్లెలోనూ పరిసర గ్రామాలలోనూ జనానికి ఎక్స్‌రేలు తీసి, టీకా వేసినవారినీ వేయనివారినీ ఏళ్ళతరబడి గమనించారు. ఓ మోస్తరు రక్షణ కనబడింది. అది చాలలేదు. 1968లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ కలిసి నగరికి ఆవల తిరువళ్ళూరు ప్రాంతంలో మహాపరీక్ష మొదలుపెట్టాయి. చెంగల్పట్టు ప్రయోగమని దానికి పేరు. సుమారు 2,60,000 మందిలో కొందరికి టీకా, కొందరికి ఉత్తుత్తి మందు. ఎవరికేది పడిందో వేసిన చేతికే తెలియదు.

1979లో ఫలితం వచ్చింది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదు! అప్పటికి ప్రపంచమంతటా కోట్లాది చేతులమీద ఆ మచ్చ పడివుంది. ప్రోత్సహించిన సంస్థలే ఆ సంగతిని అచ్చువేసి బయటపెట్టాయి. వేల టీకాలు వేయించడంకన్నా యిదే పెద్ద పని అంటాను నేను. అయితే పసిపిల్లలకు వచ్చే మెదడు పొరల క్షయనుంచి టీకా కాపాడుతుంది గనుక, పురిటిబిడ్డ ఎడమభుజం మీద నేటికీ బి.సి.జి. వేస్తూనే వున్నారు.

ఇంకొక చిత్రం. 1956లో మద్రాసులో మన పరిశోధన మండలి, బ్రిటిష్ వైద్య మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పేద రోగులను రెండు జట్లు చేశాయి. ఒక జట్టుకు శానిటోరియంలో పడక, పుష్టికరమైన ఆహారం. రెండో జట్టుకు తమ యిరుకిళ్ళలోనే మాత్రలు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు ఒకే తీరున కోలుకున్నాయి. ఇంట్లో మందు తిన్నవారివల్ల కుటుంబానికి అదనంగా అంటుకున్నదీ లేదు. దానితో దేశదేశాల శానిటోరియంల అవసరమే తగ్గిపోయింది.

ఆరోగ్యవరం కూడా క్రమంగా అన్ని జబ్బులకూ చికిత్స చేసే ఆసుపత్రిగా మారింది. క్షయ మాత్రం పోలేదు. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. నేటికీ లోకంలోని రోగుల్లో దాదాపు నాలుగోవంతు మనవాళ్ళే. రెండువారాలు దాటి దగ్గు వదలకపోతే సర్కారు ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. రోగమని తేలితే ఆరునెలల మాత్రలూ ఉచితమే, యింటి దగ్గరే వుండి మింగవచ్చు.