సోలతో కొలిచిన ఆవకాయ

మా బరంపురంలో అప్పడాలకూ పచ్చళ్ళకూ కొదవ లేదు. బజారుకు వెళితే కావలసినన్ని సీసాలు. అయినా మొన్న మే నెలలో ఓ ఆదివారం పొద్దున్నే 14 మందిమి మన సంఘం హాల్లో చేరాము, ఆవకాయ మా చేతులతో మేమే పెట్టడం నేర్చుకోవడానికి. మా అత్తగారు పోయిన దగ్గర్నుంచి, మూడేళ్ళుగా, మా ఇంట్లో జాడీ ఖాళీ. ఆవిడ కొలత ఆవిడ చేతిలోనే ఉండేది, కాగితం మీద లేదు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి ఇటు వచ్చింది. ఇప్పటి మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, చాలామందికి అక్షరం రాదు. పుస్తకం చూసి నేర్చుకోమంటే ఎలా కుదురుతుంది? అందుకే డెబ్బై దాటిన మామ్మగారొకరిని బతిమాలి తీసుకొచ్చారు.

ఆవిడ ఇత్తడి సోల ఒకటి తెచ్చుకున్నారు. వస్తూనే, “రాయడం తర్వాత. ముందు చేతులు తుడుచుకోండమ్మా, తడి తగలకూడదు” అన్నారు. కాయలు ముందే కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఉంచారు. పుల్లగా, గట్టిగా, టెంక ముదిరిన కాయలు. కత్తిపీట దగ్గర బ్యాంకులో రిటైరైన బాబాయిగారు కూర్చున్నారు. ప్రతి ముక్కకూ టెంక ఉండాలి, లేకపోతే ముక్క త్వరగా మెత్తబడిపోతుందట. లోపలి జీడి తీసి, పల్చటి పొర గీకి, మళ్ళీ తుడవాలి. ఈ తుడవడానికే గంట పట్టింది. నిజం చెప్పాలంటే ఆవకాయలో సగం పని ఇదే.

మాలో ఒక ఒడియా కోడలు ఉంది. వాళ్ళత్తగారికి చెయ్యి వణుకుతోందని తానే వచ్చింది. తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో గబగబా రాసుకుంటూ, “మామ్మగారూ, ఎన్ని గ్రాములు?” అంది.

“గ్రాములతో నాకేం పని తల్లీ! మీ ఇంట్లో గ్లాసు లేదూ? ముక్కలు నాలుగు గ్లాసులైతే ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ముప్పావు. ఉప్పు చాలకపోతే మూడోనాడు చూసి వేసుకోవచ్చు, ముందే ఎక్కువైతే తియ్యలేం.”

ఆ పిల్లకు ఆవ కొత్తేమీ కాదు. వాళ్ళ పుట్టింట్లో బెసరకు ఆవాలు తడిపి నూరుతారు. ఇక్కడ ఎండలో పెట్టి పొడిగా కొట్టాలి, వేయించకూడదు. ఆవకు ఘాటు పుట్టేది తడి తగిలినప్పుడే. ఆ తడి మామిడి ఊటే ఇస్తుంది, నీళ్ళు అక్కర్లేదు. వేయిస్తే ఆ ఘాటు చచ్చిపోతుంది. మామ్మగారు ఇదంతా, “వేయిస్తే ఆవ మొద్దుబారుతుంది” అని ఒక్క ముక్కలో చెప్పేశారు.

ముక్కలు ముందు నువ్వుల నూనెలో ముంచి, కలిపిన పిండిలో దొర్లించి జాడీలోకి వేశాము. కాసిని మెంతులు, ఇష్టమున్నవాళ్ళకు వెల్లుల్లి. శనగల దగ్గర పెద్ద వాదనే జరిగింది, అది ఇక్కడ రాస్తే పేజీ చాలదు.

మూడోనాడు అందరం జాడీలతో మళ్ళీ వచ్చాము, తిరగకలపడానికి. ఊట బాగా దిగింది. మామ్మగారు ఒక్కొక్క జాడీ రుచి చూసి, నాలుగింటికి ఉప్పు వేయించారు, అన్నిటికీ ముక్క మునిగేదాకా నూనె పోయించారు. ఒడియా కోడలి జాడీ దగ్గర మాత్రం ఏమీ వెయ్యనివ్వలేదు. “మీ అత్తకు వేడన్నంలో కలిపి నువ్వే పెట్టు” అన్నారు.

మా అమ్మాయి భువనేశ్వర్ హాస్టలుకు చిన్న సీసా పట్టుకెళ్ళింది. కొలత గోడ క్యాలెండరు వెనకాల తెలుగులో నేనూ, ఇంగ్లీషులో తనూ రాసిపెట్టాము.