డిస్క్ గోల్ఫ్ డిస్కు

డిస్క్ గోల్ఫ్ డిస్కు అనేది డిస్క్ గోల్ఫ్ క్రీడలో బంతికి బదులుగా ఉపయోగించే గుండ్రని ప్లాస్టిక్ పళ్ళెం. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంటలోకి పంపినట్లే, ఈ ఆటలో డిస్కును చేతితో విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి వీలైనన్ని తక్కువ విసురులతో చేర్చాలి. చూడడానికి పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీని పోలి ఉన్నా, ఇది పట్టుకోవడానికి తయారైన వస్తువు కాదు; దూరానికీ, గురికీ తయారైనది. ఒక డిస్కు గాలిలో ఏ దారిన పోతుందనేది దాని అచ్చు ఆకారం, ప్లాస్టిక్, విసిరే తీరు అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. ఒకే పేరు, ఒకే అంకెలు ముద్రించిన డిస్కు ఒకరి చేతిలో కుడికీ, మరొకరి చేతిలో ఎడమకూ తిరగడం ఈ ఆటలో సర్వసాధారణం. డిస్కుపై ఉన్న అంకెలను మాత్రమే చూసి కొనేవారు నిరాశపడడానికి కారణం ఇదే.

ఈ వ్యాసంలో కుడి, ఎడమ అని చెప్పినచోటల్లా, వేరుగా పేర్కొంటే తప్ప, కుడిచేతి వాటం గలవారు బ్యాక్‌హ్యాండ్ పద్ధతిలో విసిరిన డిస్కుగా గ్రహించాలి. ఎడమచేతి వాటం వారికి దిశలు తారుమారవుతాయి.

చరిత్ర

అమెరికాకు చెందిన వామ్-ఓ కంపెనీ 1957లో ఫ్రెడ్ మోరిసన్ రూపొందించిన ఎగిరే పళ్ళేన్ని విపణిలోకి తెచ్చింది. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని ఆకారాన్ని మెరుగుపరచి 1967లో పేటెంట్ పొందాడు. పళ్ళెం పైభాగంలో వలయాకారపు గీతలు ఉండటం వలన అది గాలిలో ఊగిసలాట లేకుండా నిలకడగా సాగింది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో హెడ్రిక్ మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానాన్ని ఏర్పాటు చేశాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆవిష్కరణే. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) స్థాపించాడు. 2002లో ఆయన మరణించిన తరువాత, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి స్మారక డిస్కులు పోయించారు. తాను రూపొందించిన వస్తువుతో ఇంతగా కలిసిపోయిన ఆవిష్కర్తలు అరుదు.

అసలైన మార్పు 1983లో వచ్చింది. అంతవరకు డిస్కుల అంచులు ఫ్రిస్బీలాగా గుండ్రంగా, మొద్దుగా ఉండేవి. ఇన్నోవా సంస్థ వ్యవస్థాపకులలో ఒకడైన డేవ్ డనిపేస్ ఆ సంవత్సరం అంచును ఏటవాలుగా చెక్కినట్లున్న డిస్కును రూపొందించాడు. గాలిని చీల్చుకొని పోయే ఈ అంచు వలన డిస్కు వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకోగలిగింది. నేటి డ్రైవర్ డిస్కులన్నీ ఈ ఆలోచనకు వారసులే.

కొలతలు, రకాలు

పీడీజీఏ నియమాల ప్రకారం డిస్కు వ్యాసం 21 సెం.మీ.కు తగ్గకూడదు. బరువు వ్యాసంలోని ఒక్కొక్క సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు. ఏ డిస్కూ 200 గ్రాములు దాటకూడదు. 21.2 సెం.మీ. వ్యాసం గల డిస్కుకు ఈ లెక్కన గరిష్ఠ బరువు సుమారు 176 గ్రాములు. అంచు వెడల్పు 2.6 సెం.మీ. మించరాదు. అంచు మరీ పదునుగా ఉండకుండా కూడా హద్దు విధించారు.

దూరానికి డ్రైవర్లు, మధ్యదూరానికి మిడ్‌రేంజ్‌లు, బుట్టలో వేయడానికి పటర్లు వాడతారు. డ్రైవరు అంచు వెడల్పుగా, పలుచగా ఉంటుంది. పటరు అంచు సన్నని కైవారంతో మొద్దుగా ఉంటుంది.

ప్లాస్టిక్ రకాలు

కరిగించిన ప్లాస్టిక్‌ను అధిక పీడనంతో లోహపు అచ్చులోకి పంపి డిస్కులు తయారుచేస్తారు. ఒకే అచ్చులో వేర్వేరు ప్లాస్టిక్‌లను పోయవచ్చు. అయితే ప్రతి ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఒక్కొక్క తీరున ముడుచుకుంటుంది. అందువలన అచ్చు ఒకటే అయినా, ఒక డిస్కు నడుమ ఉబ్బెత్తుగానూ, మరొకటి చదునుగానూ రావచ్చు. అంచు మీద అచ్చు రెండు భాగాలూ కలిసేచోట ఒక సన్నని గీత కనబడుతుంది. ఆ గీత ఎంత ఎత్తున ఉంటే డిస్కు అంతగా ఎడమకు మొగ్గుతుంది. అనుభవజ్ఞులు దుకాణంలో డిస్కును కంటి ఎత్తుకు లేపి అంచును పరిశీలించడానికి కారణం ఇదే. ఆ గీత చెప్పినంత నిజం డిస్కుపై ముద్రించిన అంకె చెప్పదు.

చవక రకాలలో సాధారణంగా పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ వంటివాటి మిశ్రమాలు వాడతారు. ఇన్నోవా వారి డీఎక్స్, డిస్క్‌క్రాఫ్ట్ వారి ప్రో-డి ఈ కోవకు చెందినవి. కొత్తగా ఉన్నప్పుడు ఇవి చేతికి చక్కని పట్టునిస్తాయి, ధర తక్కువ. కాని చెట్లకు, రాళ్ళకు తగిలి అంచు త్వరగా గాట్లు పడుతుంది.

ఖరీదైన రకాలకు ఎక్కువగా పాలియురెథేన్ ఆధారం. వీటిలో రెండు తీరులు కనిపిస్తాయి. ఇన్నోవా వారి చాంపియన్, డిస్క్‌క్రాఫ్ట్ వారి జెడ్, స్వీడన్‌కు చెందిన లాటిట్యూడ్ 64 వారి ఆప్టో వంటివి వెలుతురు చొరబడేటట్లు, గట్టిగా, నునుపుగా ఉంటాయి; ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నా ఆకారం మారదు. స్టార్, ఈఎస్‌పీ, గోల్డ్ వంటివి మెత్తగా ఉండి పట్టు బాగా దొరుకుతుంది, మన్నిక కొద్దిగా తక్కువ. చలికి అన్ని ప్లాస్టిక్‌లూ బిగుసుకుంటాయి. గట్టి రకాలు చలికాలంలో, తడిచేతిలో జారిపోతాయి.

పటర్ల విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. చాలామంది అగ్రశ్రేణి ఆటగాళ్ళు కూడా బుట్టలో వేయడానికి చవక ప్లాస్టిక్‌నే కోరుకుంటారు. దగ్గర నుండి వేసేటప్పుడు దూరం కంటే వేళ్ళకు పట్టు ముఖ్యం. పైగా పటరు చెట్లను ఢీకొనే సందర్భాలు తక్కువ కనుక మన్నిక సమస్య కూడా అంతగా రాదు. ఖరీదైనదే మంచిదన్న అభిప్రాయం ఇక్కడ పనిచేయదు.

అరుగుదల

క్రికెట్ చూసేవారికి కొత్త బంతి, పాత బంతి తేడా తెలిసినదే. డిస్కు కూడా అంతే. అంచు అరిగేకొద్దీ, గాట్లు పడేకొద్దీ డిస్కు కుడివైపు తిరిగే గుణం పెరుగుతుంది. చవక ప్లాస్టిక్‌లో పోసిన రాక్ అనే మిడ్‌రేంజ్ కొత్తలో ఎడమకు గట్టిగా వంగుతుంది. కొంతకాలానికి తిన్నగా పోతుంది. బాగా అరిగిన తరువాత కుడికి తిరుగుతుంది. ఈ లోపాన్నే కొందరు సౌలభ్యంగా మార్చుకున్నారు. ఒకే అచ్చు డిస్కులను మూడు నాలుగు కొని, అరుగుదల దశలను బట్టి ఒక్కొక్కదానిని ఒక్కొక్క పనికి కేటాయిస్తారు. చేతికి పట్టు ఒకటే, దారి మాత్రం వేరు.

స్థిరత్వం

డిస్కు పక్కకు మొగ్గే స్వభావాన్ని ఈ ఆటలో స్థిరత్వం అంటారు. ఎడమకు గట్టిగా మొగ్గేది ఓవర్‌స్టేబుల్, విసిరిన వాలులోనే సాగేది స్టేబుల్, వేగంలో కుడికి తిరిగేది అండర్‌స్టేబుల్. ఆటగాళ్ళ వాడుకలో ‘ఇది బాగా స్టేబుల్’ అంటే చాలాసార్లు ఓవర్‌స్టేబుల్ అని అర్థం. భౌతికశాస్త్రం చదివినవారు ఈ పదాన్ని చూసి తికమకపడటం సహజం.

దీని వెనుక ఉన్నది బొంగరపు సూత్రమే. వేగంగా తిరిగే వస్తువును ఒకచోట నొక్కితే, దాని ఫలితం అక్కడే కాక, తిరిగే దిశలో పావు చుట్టు తరువాత కనబడుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో విసిరిన డిస్కు, పైనుండి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. విసిరిన వెంటనే వేగం ఎక్కువ, డిస్కు గాలికి దాదాపు సమాంతరంగా ఉంటుంది. అప్పుడు గాలి ముందు అంచును కిందికి వంచజూస్తుంది. ఆ ప్రభావం పావు చుట్టు తరువాత, అనగా కుడి అంచు వద్ద, కనబడుతుంది. డిస్కు కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గి డిస్కు కిందికి దిగడం మొదలైనప్పుడు గాలి దాని అడుగుభాగానికి ఎక్కువ కోణంలో తగిలి ముందు అంచును పైకి లేపుతుంది. అప్పుడు ఎడమ అంచు దిగి, డిస్కు ఎడమకు వాలుతుంది. అందుకే అనేక డిస్కుల దారి పైనుండి చూస్తే సాగదీసిన ‘ఎస్’ ఆకారంలో ఉంటుంది. భ్రమణం ఎంత వేగంగా ఉంటే ఈ ఒరుగుడు అంత నెమ్మదిగా జరుగుతుంది.

నాలుగు అంకెలు

డిస్కుల నడకను తెలపడానికి ఇన్నోవా నాలుగు అంకెల పద్ధతిని వాడుతుంది. ఇతర సంస్థలలో చాలావరకు దీనినే అనుసరించాయి. మొదటిది స్పీడ్, రెండవది గాలిలో తేలే గుణాన్ని తెలిపే గ్లైడ్, మూడవది మొదట్లో కుడికి తిరగడాన్ని తెలిపే టర్న్, నాలుగవది చివరలో ఎడమకు వాలడాన్ని తెలిపే ఫేడ్. టర్న్ ఎంత రుణసంఖ్య అయితే డిస్కు అంతగా కుడికి పోతుంది. ఏవియార్ పటరుకు 2, 3, 0, 1; లెపర్డ్ డ్రైవరుకు 6, 5, -2, 1; ఫైర్‌బర్డ్‌కు 9, 3, 0, 4; డెస్ట్రాయర్‌కు 12, 5, -1, 3.

ఇందులో తరచు అపార్థానికి గురయ్యేది స్పీడ్. అది డిస్కు మనకు ఇచ్చే వేగం కాదు, డిస్కు మన చేతినుండి కోరే వేగం. డెస్ట్రాయర్‌ను తగినంత వేగంతో విసరలేనివారి చేతిలో -1 అనే టర్న్ కనబడనే కనబడదు. 3 అనే ఫేడ్ మాత్రమే మిగులుతుంది. డిస్కు ఎడమకు తిరిగి దగ్గరలోనే పడిపోతుంది. అదే వ్యక్తి లెపర్డ్‌ను ఇంకా దూరం విసరగలడు. ఈ అంకెలను నిర్ణయించేది తయారీదారులే. పీడీజీఏ కొలతలను పరీక్షించి ఆమోదిస్తుంది తప్ప ఈ అంకెలను ధ్రువీకరించదు. కనుక ఒక సంస్థ 9, మరొక సంస్థ 9 సమానమని భావించనవసరం లేదు.

విసిరే పద్ధతులు

బ్యాక్‌హ్యాండ్ అన్నిటికంటె ప్రాచుర్యం పొందింది. ఆటగాడు కుడి భుజం లక్ష్యం వైపు ఉండేలా నిలబడి, డిస్కును వెనుకకు చాచి, ఛాతీకి దగ్గరగా తిన్నని గీతలో లాగి వదలుతాడు. బలం చేతినుండి కాక కాళ్ళనుండి, నడుమునుండి రావాలి. దూరానికి విసిరేటప్పుడు నాలుగు వేళ్ళనూ అంచు లోపలికి ముడిచి పట్టుకుంటారు. గురి ముఖ్యమైనప్పుడు వేళ్ళను అడుగున విప్పి ఉంచుతారు.

ఫోర్‌హ్యాండ్‌లో చూపుడువేలు, నడిమివేలు అంచు లోపలివైపు ఆనించి, చెరువు నీటిపై పెంకును గెంతించే తీరున మణికట్టు విదిలింపుతో విసురుతారు. డిస్కు వ్యతిరేకదిశలో తిరుగుతుంది కనుక ఓవర్‌స్టేబుల్ డిస్కు ఇప్పుడు కుడికి వాలుతుంది. రెండు పద్ధతులూ వచ్చినవారికి చెట్టుకు ఇరువైపులా దారి ఉన్నట్లే. అయితే మణికట్టు ఏమాత్రం పక్కకు మెలిపడినా డిస్కు వణుకుతూ బయలుదేరి కుదురుగా సాగదు. అందువలన ఫోర్‌హ్యాండ్‌కు సాధారణంగా ఓవర్‌స్టేబుల్ డిస్కులను ఎంచుకుంటారు. చేయి సన్నద్ధం కాకముందే బలమంతా ఉపయోగిస్తే మోచేతి నొప్పి వస్తుంది.

తల మీదుగా నిలువుగా విసిరే టొమహాక్, థంబర్ అనే పద్ధతులు, డిస్కును నేలమీద చక్రంలా దొర్లించే రోలర్ కూడా ఉన్నాయి. కొమ్మలు అడ్డు వచ్చిన చోట ఇవి ఉపకరిస్తాయి.

వదిలే వాలు కూడా ముఖ్యమే. బయటి అంచు కిందికి వంచి వదలితే హైజర్, పైకెత్తి వదలితే యాన్‌హైజర్ అంటారు. అండర్‌స్టేబుల్ డిస్కును హైజర్ వాలుతో బలంగా విసిరితే అది గాలిలో తానే చదునై తిన్నగా చాలా దూరం పోతుంది. డిస్కు ముక్కు పైకి లేచి ఉంటే మాత్రం ఎంత బలంగా విసిరినా అది ఎత్తుకు పోయి ఆగిపోతుంది. కొత్తవారి దూరాన్ని అన్నిటికంటె ఎక్కువగా హరించే దోషం ఇది.

ఎదురుగాలిలో డిస్కుకు తగిలే గాలివేగం పెరగడం వలన అది మరింత అండర్‌స్టేబుల్‌గా ప్రవర్తిస్తుంది; వెనుకగాలిలో దీనికి విరుద్ధం. ఎత్తైన ప్రదేశాలలో గాలి పలుచన కాబట్టి డిస్కులు త్వరగా ఎడమకు వాలుతాయి. 2016లో అమెరికాలోని నెవాడాలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ బలమైన వెనుకగాలి తోడుగా 338 మీటర్ల దూరం విసిరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2021 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కనిపించింది. యూటాలోని ఆగ్డెన్‌లో చివరి బుట్ట వద్ద జేమ్స్ కాన్రాడ్ సుమారు 75 మీటర్ల నుండి విసిరిన డిస్కు నేరుగా గొలుసులలో పడింది. దానితో పాల్ మెక్‌బెత్‌తో సమానమై, ఆపై అదనపు ఆటలో గెలిచి విజేతగా నిలిచాడు. ఆ విసురుకు అతడు వాడినది డ్రైవరు కాదు, నోమాడ్ అనే పటరు.

కొత్తవారికి డిస్కుల ఎంపిక

ఒక పటరు, ఒక మిడ్‌రేంజ్, 6 లేదా 7 స్పీడ్ గల ఒక అండర్‌స్టేబుల్ డ్రైవరు ఉంటే మొదటి సంవత్సరం గడిచిపోతుంది. 150 నుండి 165 గ్రాముల తేలిక డిస్కులు తక్కువ బలానికి లొంగుతాయి. డ్రైవరును చవక ప్లాస్టిక్‌లో కొనడం వలన నష్టమేమీ లేదు. అరిగేకొద్దీ అది ఎలా మారుతుందో ఆటగాడు కళ్ళారా చూస్తాడు. మైదానంలో చెరువు ఉంటే మాత్రం జాగ్రత్త అవసరం. పూర్తి బరువు గల పాలియురెథేన్ డిస్కులు నీటిలో మునిగిపోతాయి.

గట్టి, పలుచని అంచు గల 175 గ్రాముల డ్రైవరు తగిలితే తీవ్రగాయాలు కాగలవు. ఈ డిస్కులను ఫ్రిస్బీలాగా ఒకరికొకరు విసురుకొని పట్టుకోవడం ప్రమాదకరం. చాలా మైదానాలు ప్రజలు నడిచే పార్కులలోనే ఉంటాయి కనుక, డిస్కు పడే చోట ఎవరూ లేరని నిర్ధారించుకున్న తరువాతే విసరాలని పీడీజీఏ నియమం. దారి తప్పిన డిస్కు ఎవరివైపైనా పోతుంటే గోల్ఫ్‌లో వలెనే ‘ఫోర్’ అని బిగ్గరగా అరిచి హెచ్చరిస్తారు.