మాత్రతో పాటే కొలత

రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు ప్రాణం నిలబెడతాయి. రక్తపరీక్ష అందుబాటులో లేకపోతే వాటిలో కొన్ని ప్రాణం మీదికీ తెస్తాయి.

గుండె వాల్వు మార్పిడి జరిగిన ముగ్గురికి రోజుకు 3 మిల్లీగ్రాముల వార్ఫరిన్ రాశారనుకుందాం. ముగ్గురిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే బరువు. మొదటి మనిషికి ఆ మోతాదు సరిగ్గా సరిపోతుంది. రెండో మనిషికి చాలదు. లోహపు వాల్వు మీద గడ్డకట్టి, అందులో ఓ ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. మూడో మనిషికి అదే మాత్ర ఎక్కువై చిగుళ్ల నుంచి, మూత్రంలో నుంచి రక్తం పడుతుంది. ఎవరికి ఏమవుతుందో మనిషిని చూసి ఏ డాక్టరూ చెప్పలేరు, రక్తాన్ని పరీక్షించాల్సిందే. అందుకే ఈ మందు విషయంలో మాత్ర సగం వైద్యం, పరీక్ష మిగతా సగం. మాత్రను ఊళ్లోని మెడికల్ షాపు దాకా తేగలిగాం. పరీక్ష మాత్రం ఇంకా చాలావరకు పట్టణాల్లోని ల్యాబుల దగ్గరే ఆగిపోయింది. ఆ లోటు ఎంత ప్రమాదమో తెలియాలంటే ముందు ఈ మందులు ఒంట్లో చేసే పనేమిటో చూడాలి.

గడ్డ ఎలా కడుతుంది?

రక్తం నాళాల్లో పారుతున్నంతసేపూ ద్రవంగా ఉండాలి, గాయమైన చోట మాత్రం నిమిషాల్లో గడ్డకట్టాలి. గడ్డకట్టే పనికి శరీరంలో రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది ప్లేట్‌లెట్లు. నాళం గోడ చిట్లగానే అవి అక్కడ అతుక్కుని, రసాయనాలు వదిలి మరిన్ని ప్లేట్‌లెట్లను రప్పించుకుంటాయి. రెండోది కాలేయం తయారుచేసే ప్రొటీన్ల వరస. ఒకటి చురుకై ఇంకొకదాన్ని చురుకు చేస్తూ పోతే చివర్లో త్రాంబిన్ పుడుతుంది. అది రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. మందులు కూడా ఈ రెండు చోట్లే పట్టు బిగిస్తాయి. గుండెపోటుకు కారణమయ్యే ధమనుల గడ్డల్లో ప్లేట్‌లెట్లదే పెద్ద పాత్ర కాబట్టి అక్కడ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడతారు. కాలి సిరల్లో, లయ తప్పిన గుండె గదిలో, లోహపు వాల్వు మీద కట్టే గడ్డల్లో ఫైబ్రిన్‌దే పైచేయి. అక్కడ హెపారిన్, వార్ఫరిన్, ఎసిట్రోమ్ పేరుతో దొరికే దాని జాతి మందు, డాబిగాట్రాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులు పనిచేస్తాయి. వీటిలో ఏదీ అప్పటికే కట్టిన గడ్డను నేరుగా కరిగించదు. అది పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది. ఆలోగా శరీరమే పాత గడ్డను మెల్లగా కరిగించుకుంటుంది.

ఆస్పిరిన్ లెక్క వేరు

ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి రప్పించుకునే రసాయనాన్ని తయారుచేసే ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా పాడుచేస్తుంది. ప్లేట్‌లెట్‌లో కేంద్రకం ఉండదు, కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. దాని ఆయుష్షు వారం పదిరోజులు, అన్నాళ్లూ ఆ దెబ్బ అలాగే ఉంటుంది. అందుకే రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర చాలు, మోతాదు సరిచూసుకునే పరీక్ష అక్కర్లేదు. గుండెపోటు వచ్చిన 17,187 మందిపై జరిగి 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో, ఆస్పిరిన్ వల్ల ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించే మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అలాగని ఆరోగ్యంగా ఉన్న పెద్దలంతా వేసుకోవాల్సిన మాత్ర కాదది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులపై జరిగిన ఆస్ప్రీ అధ్యయన ఫలితాలు 2018లో వచ్చాయి. ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ వేసుకున్నవారికి ఆరోగ్యంగా గడిపే ఆయుష్షు పెరగలేదు, తీవ్ర రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. స్టెంట్ ఉన్నవారు ఇది చదివి సొంతంగా మాత్ర మానేయడం మరింత ప్రమాదం.

వార్ఫరిన్‌కు కొలత ఎందుకు?

గడ్డకట్టించే ప్రొటీన్లలో 2, 7, 9, 10 నంబర్లవి కాలేయంలో తయారయ్యాక చివరిగా ఓ మెరుగు దిద్దుకుంటేనే కాల్షియాన్ని పట్టుకుని పనిలోకి దిగగలవు. ఆ మెరుగుకు విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను ఓ ఎంజైము మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. వార్ఫరిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అంతకుముందే రక్తంలో తిరుగుతున్న ప్రొటీన్లను అది ముట్టుకోదు, అవి వాటంతటవే తరిగిపోవాలి. 7వ నంబరుది గంటల్లో తరుగుతుంది, 2వదానికి రోజులు పడుతుంది. అందుకే మందు పూర్తిగా పనిచేయడానికి ఐదు రోజుల దాకా పడుతుంది. పైగా గడ్డకట్టడాన్ని అదుపుచేసే ప్రొటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడుతుంది, అది మొదట్లోనే తగ్గిపోతుంది. అప్పటికే గడ్డ ఉన్నవారికి తొలిరోజుల్లో హెపారిన్ ఇంజెక్షన్లు తోడుగా ఇచ్చేది ఇందుకే. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచి చెప్పే అంకె ఐఎన్ఆర్. మామూలు మనిషిలో అది 1 దగ్గర ఉంటుంది. కాలి సిరలో గడ్డ ఉన్నవారికి 2 నుంచి 3, లోహపు మైట్రల్ వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూస్తారు. తగ్గితే గడ్డ, బాగా పెరిగితే రక్తస్రావం.

ఇంత ఇరుకైన హద్దును దాటించడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను పైకి ఎగదోస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ కిందికి లాగుతుంది. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ తుంటి మీద పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రెండు విధాలా చేటు: సూది దిగిన చోట కండలోపల నెత్తురు పేరుకుంటుంది, కడుపులో పుండుపడి రక్తం పోయే ముప్పూ పెరుగుతుంది. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. అలాగని ఆకుకూరలు మానేయమని కాదు, వారమంతా ఇంచుమించు ఒకే పాళ్లలో తినమని. ఒకవారం రోజూ పప్పుకూర తిని మరోవారం పూర్తిగా మానేస్తేనే అంకె ఊగిసలాడుతుంది. వార్ఫరిన్ మాయను దాటి గర్భంలోని శిశువుకు హాని చేయగలదు. కాబట్టి ఈ మందు వాడే మహిళ గర్భం దాల్చాలనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి, తనంతట తాను మందు ఆపకూడదు.

ఎలుకల మందేనా?

ఎలుకలను చంపే మందును మనుషులకు ఇవ్వడమేమిటన్న భయం చాలామందిలో ఉంది. నిజమే. 1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావమై చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది, దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. 1951లో దాన్ని పెద్దమొత్తంలో మింగిన అమెరికా సైనికుణ్ని విటమిన్ కె ఇచ్చి బతికించగలిగారు. విరుగుడు ఉందని రుజువయ్యాక, 1954లో అది మనుషుల మందుగా ఆమోదం పొందింది. మోతాదే దాన్ని విషంగానో మందుగానో మారుస్తుంది. ఆ మోతాదును చెప్పేది పరీక్షే.

పరీక్ష అక్కర్లేని కొత్త మందులుండగా ఈ తంటా ఎందుకన్నది మరింత బలమైన ప్రశ్న. వాల్వు జబ్బు లేకుండా గుండె లయ తప్పినవారికి ఆ వాదన న్యాయమే. 2011 నాటి అరిస్టాటిల్ అధ్యయనంలో అపిక్సబాన్ వార్ఫరిన్ కన్నా పక్షవాతాన్నీ, రక్తస్రావాన్నీ ఎక్కువగా తగ్గించింది. కానీ మన దేశాన్ని ఇంకా వదలని, గుండె వాల్వులను పాడుచేసే రుమాటిక్ జబ్బు దగ్గర అది నిలవదు. లోహపు వాల్వుల వారికి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని, గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పిన నాలుగున్నర వేల మందిపై జరిగిన ఇన్విక్టస్ అధ్యయన ఫలితాలు 2022లో వచ్చాయి. వార్ఫరిన్ తరహా మందు తీసుకున్నవారిలోనే, రివరాక్సబాన్ అనే కొత్త మందు తీసుకున్నవారి కన్నా మరణాలు తక్కువ. అధ్యయనంలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది మహిళలు, సగటు వయసు యాభై. వీళ్లకు పాత మందు తప్పదు, కాబట్టి పరీక్షా తప్పదు.

ఊరూరా పరీక్ష సాధ్యమేనా అని అడగొచ్చు. వేలి కొసన ఒక్క చుక్కతో నిమిషాల్లో ఐఎన్ఆర్ చూపే చేతి యంత్రాలున్నాయి. నేర్పితే రోగులు ఇంట్లోనే చూసుకోగలరని, గడ్డల ముప్పు దానివల్ల తగ్గుతుందని విదేశీ అధ్యయనాల్లో తేలింది. యంత్రం, స్ట్రిప్పులు ప్రతి ఇంటికీ భారమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒకటంటే భారం కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ చవకైన వాల్వును తయారుచేసి 1990లోనే మనిషి గుండెలో అమర్చి చూపింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో గుండె ఆపరేషన్లు తెలుగునాట పేదలకూ అందాయి. ఇంత చేసినవాళ్లం చుక్క రక్తం పరీక్ష దగ్గర ఆగిపోవడానికి కారణం లేదు. డిశ్చార్జి చీటీలో మాత్ర పేరుతో పాటు చేరుకోవాల్సిన ఐఎన్ఆర్ అంకె, దగ్గర్లో పరీక్ష చేసే చోటు, వెళ్లాల్సిన తేదీ ఉండాలి. ఆ చోటు రోగి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరేంత దగ్గర్లో ఉండాలి. అప్పుడే ఆ ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క.