6 వారాలు అన్నం బంద్: క్రోన్స్ పిల్లలకు అదే మందు

వారాల తరబడి విరేచనాలు, కడుపునొప్పి, పైగా పిల్లాడు ఎత్తు పెరగడం ఆగిపోయాడంటే అది నజర్ కాదు, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ కావచ్చు. స్టెరాయిడ్లు వాపు తగ్గిస్తాయి గానీ ఎదుగుదలను దెబ్బతీస్తాయి. 2006లో ఇటలీ డాక్టర్లు 37 మంది పిల్లల్లో కొందరికి స్టెరాయిడ్లు, మిగతావారికి 10 వారాలు పాలలాంటి పోషక ద్రవం మాత్రమే ఇచ్చారు. ద్రవం తాగినవారిలో 74 శాతం మందికి పేగు పుండ్లు మానాయి, స్టెరాయిడ్ల వారిలో 33 శాతం మందికే. ఇప్పుడు 6 నుంచి 8 వారాలు ఇస్తున్నారు. అల్సరేటివ్ కోలైటిస్‌కు మాత్రం ఇది పనిచేయదు.

అసలు కష్టం ఇంట్లోనే! నానీ జాలిపడి రోజూ చాటుగా నాలుగు ముద్దలు పెడితే ఫలితం తగ్గిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది, పేగు టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. క్రోన్స్ అని ఖరారు చేసేముందు టీబీ పరీక్షలు చేశారా అని డాక్టర్‌ను తప్పక అడగండి.