పింగాణికప్పుపై చెరగని పేరు

పెరవలి మండలమందలి అజ్జరము ఇత్తడిసామానులకు పేరెన్నిక గన్నది. బిందెపై పేరు చెక్కించుట మన యిండ్లలో వాడుకయే. ఎరువిచ్చిన పాత్ర ఆ పేరునుబట్టియే యిల్లు చేరును. పింగాణికప్పు ఉలిదెబ్బకు తాళదు. దానిపై స్వల్పవ్యయముతో పేరు నిలుపు విధమును మనవి చేసెదను.

పింగాణికి మెఱుగునిచ్చునది మంటలో కరగి గట్టిపడిన గాజుపొర. అది సిరాను పీల్చుకొనదు. కావుననే సామాన్యపు మార్కరుకలముతో వ్రాసి కాల్చినను కొన్నిసారులు కడుగునప్పటికి వదలిపోవును.

పింగాణికై చేసిన రంగుబుడ్డిని కొనుడు. కప్పును సబ్బుతో కడిగి, స్పిరిటుతో జిడ్డు తుడిచి, సన్నని కుంచెతో పేరు వ్రాయుడు. ఒక దినము ఆరనిచ్చి, చల్లని ఓవెనులో నుంచి, పిమ్మట వేడి నెక్కింపుడు. ఎంత వేడి వలయునో బుడ్డిపైననే యుండును. ఒక తెగ రంగునకు 150 డిగ్రీల సెంటిగ్రేడున 35 నిమిషములు చాలును. ఓవెనులోనే చల్లారనిండు, వేడికప్పునకు చలిగాలి తగిలిన బీటలువాఱవచ్చును.

ముఖ్యమైన మాట యొకటి. పెదవి తగులు అంచునకు రెండు వ్రేళ్లమేర దిగువగా, వెలుపలనే వ్రాయవలెను, లోపల వలదు. కొన్ని రంగులందు సీసము, కాడ్మియము ఉండును; అవి పసిబిడ్డలకు మిక్కిలి హానికరములు.

ఇంటి ఓవెను కార్ఖానాబట్టీకి సాటిరాదు. రంగు గాజుపొరతో నేకమగుటకు సుమారు 700 నుండి 800 డిగ్రీల వేడి వలయును. కనుక బూడిదతోను పీచుతోను తోమక, మెత్తని గుడ్డతో కడుగుడు. అట్లు కాపాడిన, మనుమడు తన పేరు తానే కూడబలుకుకొనునాటికిని ఆ యక్షరములు నిలిచియుండును.