బ్రతికిన బిడ్డ, బ్రతకని బిడ్డలు: థామస్ బర్గెంథాల్ జీవితముపై దేవశాస్త్ర పరిశీలన

జాతి నిర్మూలన నుండి ఒక బిడ్డ ప్రాణముతో బయటపడితే, "దేవుడు కాపాడాడు" అని మనము సాక్ష్యమిస్తాము. అయితే, బ్రతకని బిడ్డల మాటేమిటి? బర్గెంథాల్ జీవితము ఆధారముగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాము.

1. చారిత్రక నేపథ్యము

బర్గెంథాల్ 1934లో చెకొస్లొవేకియాలోని యూదు కుటుంబములో జన్మించాడు. నాజీల ఏలుబడిలో ఆ కుటుంబము పోలండులోని కీల్ట్సె పట్టణములో నిర్బంధించబడింది. అక్కడి వెట్టిచాకిరి శిబిరములో 1943లో పిల్లలను చంపుటకు వేరుచేస్తున్నప్పుడు, తొమ్మిదేళ్ల థామస్ తాను పని చేయగలనని జర్మను అధికారితో చెప్పి బ్రతికాడు. మిగిలిన పిల్లలలో అనేకులు చంపబడ్డారు.

1944 ఆగస్టులో అతనిని ఆష్‌విట్జ్‌కు తరలించారు. సాధారణముగా అక్కడ దిగగానే పిల్లలను, వృద్ధులను వేరుచేసి విషవాయు గదులకు పంపేవారు. థామస్ వచ్చిన రోజున ఆ వేరుచేయడము జరుగలేదు. 1945 జనవరిలో మంచులో జరిగిన మరణయాత్రలో అతని పాదము గడ్డకట్టి, తరువాత రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. జాక్సెన్‌హౌజెన్ శిబిర వైద్యశాలలో నార్వే దేశపు ఖైదీ ఓడ్ నాన్సెన్ అతనిని ఆదరించాడు. తండ్రి బూఖెన్‌వాల్డ్‌లో మరణించాడు. తల్లిని 1946లో తిరిగి కలుసుకున్నాడు. 2000 నుండి 2010 వరకు అంతర్జాతీయ న్యాయస్థానములో న్యాయమూర్తిగా పనిచేసి, 2023లో మరణించాడు.

తన జ్ఞాపకాల గ్రంథములో ఆయన తనను "అదృష్టవంతుడైన బిడ్డ" అని పిలుచుకున్నాడు. ఆ మారణహోమములో సుమారు 15 లక్షలమంది యూదు పిల్లలు చంపబడ్డారు. వారికంటే తాను యోగ్యుడనని ఆయన చెప్పుకోలేదు.

2. వాక్యపు వెలుగులో

నిర్గమకాండము 1వ అధ్యాయములో వెట్టిచాకిరి, శిశుహత్య ఒకే రాజు చేతిలోని రెండు ఆయుధాలు. పనికి వచ్చువాడే బ్రతుకవలెనన్నది శిబిరాల నియమము. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడ్డాడన్న ఆదికాండపు బోధ దీనికి పూర్తిగా విరుద్ధము. పనిచేయలేని పసివాని విలువ కూడ ఆ స్వరూపములోనే ఉంది.

మత్తయి 2వ అధ్యాయములో బాలుడైన యేసు తప్పించబడ్డాడు, బేత్లెహేము పసివారు చంపబడ్డారు. ఇక్కడ ఒక పదభేదము గమనార్హము. ఐగుప్తు ప్రయాణమునకు మత్తయి "హినా" (నెరవేరునట్లు) అనే ఉద్దేశవాచకము వాడాడు (2:15). శిశువధకు మాత్రము "తొతె" (అప్పుడు) అన్నాడు (2:17). యూదా ద్రోహము విషయములోను ఇదే పదము వాడాడు (27:9). హత్యను దేవుని ఉద్దేశముగా చెప్పకుండ మత్తయి జాగ్రత్తపడ్డాడని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము. పైగా, తప్పించబడిన బిడ్డ కథలోనే రాహేలు రోదనకు చోటిచ్చాడు.

3. పరిచర్యకు అన్వయము

కాబట్టి, బ్రతికినవాని కృతజ్ఞతను మనము అడ్డగించకూడదు. అయితే, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కూర్చున్న సంఘములో, బ్రతుకుటయే దేవుని ప్రేమకు ఋజువని ప్రసంగించకూడదు. ఆమె రోదనను ఓదార్పు మాటలతో తొందరపడి ఆపకూడదు. ఫరో ఆజ్ఞను ధిక్కరించిన మంత్రసానులవలె, తోటి ఖైదీయై ఆదరించిన నాన్సెన్‌వలె, ప్రమాదములోనున్న బిడ్డ పక్షమున నిలుచుటయే మన పిలుపు.